మూడు వరుసల తేడా

ఆ పేజీని పైనుంచి కిందిదాకా జరిపేసరికి చూపుడువేలు నొప్పి పుట్టేది. బీఈడీ కౌన్సెలింగ్ సైటులో అదొక్కటే పేజీ. ఏ ర్యాంకు నుంచి ఏ ర్యాంకు వరకు ఎవరి సర్టిఫికెట్లు ఏ కాలేజీలో ఏ తేదీన చూస్తారో, మొత్తం ఒకే పట్టికలో ఒకదాని కింద ఒకటి పేర్చి పెట్టారు. పైన మెరిసే ప్రకటనలు, పక్కన బొమ్మలు. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. సిబ్బంది సగం మంది విధుల్లో లేరు, బస్సులు డిపోలు దాటలేదు. అందుకని ఆ పట్టికలో తేదీలు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండేవి. మారేది ఒకటో రెండో వరుసలే. వాటికోసం మేము మాత్రం ప్రతిసారీ పేజీ మొత్తం దించుకోవాలి.

మేము అంటే దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక నెట్ సెంటర్. నా ఇంజనీరింగ్ అప్పటికే అయిపోయింది. కంపెనీ వాళ్ళు ఎంపిక చేశారు గానీ ఎప్పుడు చేరాలో చెప్పలేదు. ఆ ఖాళీ కాలంలో సెంటర్‌లోని కంప్యూటర్ల బాగోగులు చూసేవాణ్ణి. బదులుగా మూలనున్న కంప్యూటర్ రోజంతా నాది. సెంటర్ నడిపేది ఒక అక్క. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టి, పెళ్ళయ్యాక కొత్తపేటలో కాపురం పెట్టింది. ఆమె భర్తని నేను బావా అని పిలిచేవాణ్ణి. ఆయనకి ఎల్బీనగర్ చౌరస్తాలో జిరాక్స్ షాపు. పొద్దున ఇద్దరూ ఇంటికి తాళం వేసి, ఆమె ఒకవైపు, ఆయన ఇంకోవైపు వెళ్ళేవారు.

సెంటర్‌లో కంప్యూటర్లన్నింటికీ ఒకటే నెట్ లైను. ఒకరు ఆ పేజీ తెరిస్తే మిగతావాళ్ళ తెరల మీద ఇసుక గడియారం తిరుగుతూ ఉండేది. కరెంటు కోతలు వేరే. కరెంటు రాగానే అందరూ ఒకేసారి ఆ పేజీ మీద పడేవారు. అప్పుడు ఎవరికీ ఏదీ వచ్చేది కాదు.

వాళ్ళలో ఒకామె మధ్యాహ్నం భోజనం వేళకి పరుగున వచ్చేది. పక్క సందులోని చీరల దుకాణంలో పనిచేసేది. అక్కకి, బావకి, నాకు ముగ్గురికీ ఆమె చెల్లెనే. భర్త లారీ మీద వెళ్తే వారానికో పది రోజులకో వచ్చేవాడు. నాలుగేళ్ళ కొడుకుని చౌటుప్పల్ అవతల ఊళ్ళో తల్లి దగ్గర ఉంచి, తాను ఎల్బీనగర్‌లో ఒక గదిలో ఉండేది. దుకాణంలో చీరలు మడతపెడుతూనే చదివి పరీక్ష రాసింది, ర్యాంకు తెచ్చుకుంది. ఇక తన వంతు వచ్చిన రోజున సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్ళడమే మిగిలింది. నిర్ణీత తేదీన రానివారికి మరో అవకాశం ఉండదని ఆ పేజీలోనే ఎర్ర అక్షరాల్లో రాసి ఉంది. ఆ తేదీయేమో నిలకడగా ఉండదు. ఆమెకి దొరికే భోజనం విరామంలో పేజీ తెరుచుకోదు.

"అన్నా, ఇంకెంతసేపు?"

"ఒస్తాంది చెల్లె. సగం ఒచ్చింది."

"సగమంటే ఏ సగం? నా ర్యాంకున్న సగమా, లేని సగమా?"

పక్క కుర్చీల్లో వాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. పేజీ పూర్తిగా రాకముందే లేచి వెళ్ళిపోయింది. పోతూ, "నా దినం మారితే జర ఫోన్ చెయ్యి అక్కా, నీ కాల్మొక్త," అంది.

ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో నేను దీని గురించి చదివి ఉన్నాను. ఒక పేజీ పాత ప్రతి మన దగ్గర ఉన్నప్పుడు, అవతలి కంప్యూటర్ దగ్గర కూడా అదే పాత ప్రతి ఉంటే, కొత్త పేజీ మొత్తం పంపనక్కరలేదు. పాతదానికీ కొత్తదానికీ మధ్య ఉన్న తేడా పంపితే చాలు. మన కంప్యూటర్ ఆ తేడాని పాత ప్రతిలో అతికించుకుని కొత్త పేజీ తయారు చేసుకుంటుంది. పరీక్షలో దీని మీద ప్రశ్న వస్తే ఒక బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. మా సెంటర్ తలుపు దగ్గర నిలబడి ఆమె రోడ్డు దాటడం చూస్తున్నప్పుడు మాత్రం, ఆ బొమ్మలో అవతలి కంప్యూటర్ ఎక్కడ దొరుకుతుందా అని మొదటిసారి ఆలోచించాను.

కౌన్సెలింగ్ వాళ్ళు నాకోసం తమ సైటు మార్చరు. మంచి లైను ఉన్న ఇంకో కంప్యూటర్ మధ్యలో కావాలి. నా క్లాస్‌మేట్ ఒకడు వనస్థలిపురంలో ఉండేవాడు. వాళ్ళది గుంటూరు వైపు కుటుంబం. అతను పనిచేసే చిన్న కంపెనీకి సొంత సర్వర్ ఉంది. బంద్ రోజుల్లో ఇంటి నుంచే దాన్ని చూసుకునేవాడు. ఫోన్ చేశాను.

"ఏరా, మీ బంద్‌ల వల్ల మేం ఇళ్ళల్లో కూర్చోవాలి, మళ్ళీ మీ పేజీ కోసం మా సర్వర్ కూడా ఇవ్వాలా?" అన్నాడు.

"నీ సర్వర్ కాదుర భై, మీ కంపెనీది. నువ్వు గూడ దాంట్ల కిరాయికున్నట్టే."

"సరే, మా బాస్‌ని అడుగుతాన్లే. ఒక ఫోల్డర్ ఇప్పిస్తా. రేపు రాష్ట్రం వచ్చి నన్ను పొమ్మన్నారనుకో, ఫోల్డర్ చంకన పెట్టుకుని పోతా."

"పోదువులే. ముందు పాస్‌వర్డ్ చెప్పు."

రెండు చివర్లా రెండు చిన్న ప్రోగ్రాములు రాశాం. అటు చివరిది కొద్దికొద్దిసేపటికీ పేజీ తెచ్చుకుని, బొమ్మలూ మెరుపులూ తీసేసి, మిగిలినదాన్ని వరుస వరుసగా పాత ప్రతితో పోల్చేది. ఫలానా వరుస తర్వాత కొత్త వరుసలు చేర్చు, ఫలానా వరుస తీసెయ్యి, ఫలానా వరుసలో తేదీ మార్చు అన్న మూడు రకాల మాటలే మాకు పంపేది. ఇటు చివరిది వాటిని మా దగ్గరున్న ప్రతిలో అమర్చేది. లైను మీద నడిచేది ఆ కొద్ది మాటలే. సెంటర్‌లో ఎవరు ఎన్నిసార్లు పేజీ తెరిచినా అది మా కంప్యూటర్ నుంచే వచ్చేది.

మొదటి రోజు చీరల దుకాణం చెల్లె కుర్చీలో సరిగా కూర్చోకముందే పేజీ వచ్చేసింది. ఆమె తెరని, నన్ను మార్చి మార్చి చూసింది.

"గింత జల్ది ఒచ్చిందంటే నిన్నటిదే చూపిస్తున్నవు అన్నా."

"నిన్నటిదే. నిన్నటిదాంట్ల ఇయ్యాల మారింది అతికిచ్చిన."

"అతుకులదా?"

"మంచి అతుకు చెల్లె, కనపడదు," అని అక్క అందుకుంది. "మా అమ్మ ఫోన్ చేస్తే పొద్దున లేశిన కాడికెళ్ళి మొదలువెడ్తది. నిన్న చెప్పింది గూడ మల్ల చెప్తది. అమ్మా, కొత్తదేందో గదే చెప్పరాదే అంటే కోపానికొస్తది. గీ తమ్మి కంప్యూటర్‌కి గా కోపం లేదు."

ఆ రోజు ఆమె తన ర్యాంకు వరుస చూసుకుని, ఇంకా సమయం మిగిలితే సెంటర్ బల్ల మీదే టిఫిన్ డబ్బా విప్పి తిని వెళ్ళింది. వారం రోజులు అలాగే గడిచింది. చెప్పొద్దూ, నాకు చాలా గర్వంగా ఉండేది.

తర్వాత సమ్మె ముదిరింది. దుకాణాలు మూయించారు, చీరల దుకాణం కూడా మూతపడింది. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ రావడానికి బస్సు లేదు, ఆటోలు కొత్తపేట పండ్ల మార్కెట్ దాకా వస్తే గొప్ప. చెల్లె ఎల్బీనగర్‌లోనే ఉన్న బావ జిరాక్స్ షాపుకి వెళ్ళి తన తేదీ అడిగేది. ఆ షాపులో నెట్ వైరు ఎక్కడో తెగింది, బాగుచేసే మనిషి సమ్మెలో ఉన్నాడు. బావ షట్టరు సగం దించి లోపల కూర్చునేవాడు. రోజూ కాసేపు నిరాహార దీక్షల టెంటుకి వెళ్ళి కూర్చుని వచ్చేవాడు కూడా. తన షాపు మూసి తానే సమ్మె చేస్తున్నాడని అక్క వెక్కిరించేది.

అప్పుడు నాకు తోచింది. మారినవి నాలుగు మాటలే అయినప్పుడు వాటికి నెట్ ఎందుకు? ఫోన్ మెసేజ్‌లో పడతాయి. పేజీ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి బావకి ఇచ్చాను. ఆయన కంప్యూటర్‌లో వరుసల నంబర్లు కనిపించేలా తెరిచి చూపించాను. నేను మెసేజ్ పంపుతాను, ఆయన ఆ నంబరు వరుసకి వెళ్ళి మార్చాలి. తర్వాత ఆ కాగితం ప్రింటు తీసి షట్టరుకి అతికించాలి. నాకు ఏ పనికైనా జాబితా రాసే అలవాటు ఉంది. బావకీ ఒకటి రాసి మానిటర్ పక్కన అంటించాను: మెసేజ్‌లు వచ్చిన వరుసలోనే చెయ్యాలి, ఒకటి అయ్యాకే ఇంకోటి, చేర్చమంటే చేర్చాలి, తీసెయ్యమంటే తీసెయ్యాలి, అయ్యాక సేవ్ చెయ్యాలి.

"మందుల చీటి లెక్క రాసినవేంది బామ్మర్ది? పరిగడుపున చెయ్యాల్నా, తిన్నంక చెయ్యాల్నా?" అన్నాడు.

"ఎప్పుడన్న చెయ్యి బావా. ఇడిసిపెట్టకుండ చెయ్యి."

మెసేజ్‌ని వీలైనంత పొట్టిగా రాసేవాణ్ణి. తేదీ మార్పయితే వరుస నంబరు, కొత్త తేదీ. ఇంకేమీ ఉండేది కాదు. ఎంత పొట్టిగా ఉంటే అంత గొప్పగా అనిపించేది. బావ షట్టరు మీది కాగితం చూడటానికి చౌరస్తా చుట్టుపక్కల గదుల్లో ఉండే కుర్రాళ్ళు, అమ్మాయిలు వచ్చేవారు. చీరల దుకాణం చెల్లె రోజుకి రెండుసార్లు వచ్చి వేలు పెట్టి తన వరుస చదువుకునేది.

బతుకమ్మ పండుగ రోజులొచ్చాయి. ఒక ఉదయం పదకొండింటప్పుడు అక్క ఫోన్ మోగింది. అవతల బావ. అక్క మాట్లాడుతూ మాట్లాడుతూ స్పీకర్ పెట్టి, రిబ్బన్ మార్చడానికి ప్రింటరు ముందు వంగింది.

"చెల్లె ఊరికి పోయిందే," అంటున్నాడు బావ. "కొడుకు యాదికొస్తుండంట. దాని దినం పండగ తర్వాతకి వడ్డది గదా, ఇగ ఫికర్ లేదని జీపెక్కింది."

నేను తల ఎత్తాను. "ఎవరిది పండగ తర్వాతకి పడ్డది బావా?"

"చెల్లెది. నువ్వే గద మెసేజ్ వెట్టినవ్."

నా తెర మీద ఆమె వరుస చూశాను. రేపు, ఉదయం తొమ్మిదికి. పొద్దున్నుంచి అది మారనే లేదు. మారింది ఆమె వరుసకి పైన ఉన్న ఇంకో ర్యాంకుల వరుస, రెండువందల పద్నాలుగోది. దాన్నే నేను పంపాను.

"చెల్లె వరుస నంబరెంత ఉంది బావా నీ దాంట్ల?"

మౌస్ చప్పుడు వినిపించింది. "రెండొందల పద్నాలుగు."

"నా దాంట్ల రెండొందల పదిహేడు."

అక్క చేతిలో రిబ్బన్ పట్టుకుని నిలబడిపోయింది.

చెల్లెకి ఫోన్ చేస్తే స్విచాఫ్. ముందురోజంతా వాళ్ళ వీధిలో కరెంటు లేదు, చార్జింగ్ అయిపోయి ఉంటుంది. జీపు ఎప్పుడు వెళ్ళిందని అడిగితే గంట అవుతుందన్నాడు బావ. హైవే ఖాళీగా ఉంటే ఈపాటికి పెద్ద అంబర్‌పేట్ దాటి ఉంటుంది. ఒకసారి ఊరు చేరితే, రేపు తొమ్మిదింటికి తిరిగి నగరం అవతలి చివరనున్న కాలేజీకి రావడం బస్సుల్లేని ఆ రోజుల్లో అయ్యే పని కాదు. అక్క స్కూటీ తాళం నా మీదికి విసిరింది. మా సెంటర్‌లో ఉన్న పేజీని ప్రింటు తీసి, మడిచి జేబులో పెట్టుకుని బయల్దేరాను.

చౌరస్తాలో బావ షట్టరు దించి, తన షట్టరు మీది కాగితం చింపుకుని రోడ్డు పక్కన సిద్ధంగా ఉన్నాడు. వెనక ఎక్కాడు. చింతల్‌కుంట దాటాం.

"నిన్న పొద్దున ఒక మెసేజ్ పంపిన," అన్నాను. "పట్టిక పైన మూడు వరుసలు చేర్చమని. చేర్చినవా?"

"గదా..."

"చేర్చినవా లేదా బావా?"

"గది సర్కారు విజ్ఞప్తి రా! ఉద్యోగులు సమ్మె విరమించి విధులల్ల చేరాల్నని. పట్టిక కాదు ఏం కాదు. నా షాపు షట్టరు మీద, నా చేతుల్తోని, సమ్మె బంద్ చెయ్యమని నేనే రాయాల్నా? పొద్దంత టెంటుల కూసొని ఒచ్చి?"

"జాబితాల ఏం రాసిన? ఇడిసిపెట్టకుండ..."

"దినాలు మారినయి ఇడిసిపెట్టలే. ఒక్కటి ఇడిసిపెట్టలే. గా మూడు లైన్లతోని పిల్లల సీట్లకేం పని?"

ఆయన చెప్పినదాంట్లో తప్పు వెతకడం కష్టం. చదివే మనిషికి ఆ మూడు వరుసలతో నిజంగానే పనిలేదు. కానీ నేను పంపిన ప్రతి నంబరూ అవి అక్కడ ఉన్నాయన్న నమ్మకంతో వేసిన నంబరు. అవి లేకపోయేసరికి ఆ తర్వాతి మార్పులన్నీ మూడు మెట్లు దిగి ఇంకొకరి ఇంటి తలుపు తట్టాయి. ముందురోజు నుంచి పంపినది ఆ ఒక్కటే కావడం మా అదృష్టం.

"నీ దగ్గరున్నదీ నా దగ్గరున్నదీ ఒకటే అనుకున్న బావా. ఒకటేనా అని ఒక్కసారన్న అడగలే," అన్నాను.

"నేను గూడ చెప్పలే," అన్నాడు. "చెప్తే లొల్లి చేస్తవని," అని కలిపాడు.

వనస్థలిపురం దగ్గర రోడ్డంతా జనం. హైవే మధ్యలో మూడు రాళ్ళ పొయ్యిలు వరసగా పెట్టి నిరసనగా వంటావార్పు చేస్తున్నారు. అటూ ఇటూ లారీలు, జీపులు నిలిచిపోయాయి. ఒక కుర్రాడు కర్ర అడ్డం పెట్టి స్కూటీ ఆపాడు. బావ వెనక నుంచి పిడికిలి ఎత్తి "జై తెలంగాణ" అని అరిచాడు. కుర్రాడు ఆయన్ని గుర్తుపట్టాడు. "టెంటు కాడి జిరాక్స్ అన్న గదా!" అని దారి ఇచ్చాడు. మూడు వరుసలు పెట్టని మనిషి కాబట్టే ఆ దారి దొరికిందని నాకు తోచింది గానీ, అప్పుడు ఆయనతో అనలేదు.

జీపులన్నీ వెతుక్కుంటూ నడిచాం. చౌటుప్పల్ వెళ్ళే జీపులో ఆమె సంచీ ఉంది, ఆమె లేదు. "వంట అయ్యేదాక బండి కదలది అంటే, ఖాళీగ కూసునుడెందుకని గటు పోయింది," అన్నాడు డ్రైవరు. చూస్తే పొయ్యిల పక్కన పరిచిన తాటిపత్రి పట్టా మీద ఇంకో నలుగురు ఆడవాళ్ళతో కలిసి కూర్చుని టమాటాలు కోస్తోంది. మమ్మల్ని చూసి కత్తిపీట మీద నుంచి కాలు తీసింది.

"ఏమైందన్నా? మా ఆయనకేమన్న..."

"ఏం గాలే చెల్లె. నీ దినం రేపే. తప్పు పడ్డది కాగితంల."

ఆమె నా ముఖం చూసింది, తర్వాత బావ ముఖం చూసింది. చేతులు కొంగుకి తుడుచుకుని, "పొద్దున షట్టరు మీద నా కండ్లతోని చూసిన గద," అంది.

రెండు కాగితాలూ తాటిపత్రి మీద పక్కపక్కన పరిచాను. రెండూ ఒకే అక్షరాలు, ఒకే గీతలు. చూడటానికి రెండూ నిజమైనవే. అతుకు కనపడదని అక్క అన్నది అక్షరాలా నిజం. నేను పైనున్న మూడు వరుసలు చూపించి, అవి లేకపోతే కిందివన్నీ ఎలా జరిగిపోతాయో చెప్పాను. ఆమె వింటూనే ఉంది. మధ్యలో ఒకసారి, "పైనోళ్ళకి వడాల్సింది నా నెత్తిన వడ్డదంటవు," అంది.

"గంతే."

"గాని ఏది ఒట్టిదో ఏది నిజమో నాకెట్ల ఎరుకైతదన్నా? నీది గూడ అతికిచ్చిన కాగితమే గద." ఆమె రెండు కాగితాలూ చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు చెప్పింది ఇని వెనకకు మర్లితే పోరడు పండగ పూట ఏడుస్తడు. ఇనకుంటే సీటు పోతది. మల్ల రాయనీకె షాపోళ్ళు సెలవిస్తరా? ఎవ్వని మాట ఇనాలె నేను?"

నా ప్రోగ్రాము తయారుచేసిన పేజీని నేనే నమ్ముతూ వచ్చాను తప్ప, ఎప్పుడూ అసలు పేజీతో సరిచూసుకోలేదు. అసలుది తెరవగలిగినవాడు ఒకడే గుర్తొచ్చాడు. వనస్థలిపురం మిత్రుడికి ఫోన్ చేసి, సైటులో ఉన్న పేజీనే నేరుగా తెరిచి ఆమె ర్యాంకు వరుస చదవమన్నాను. స్పీకర్ పెట్టాను. చుట్టూ జనం మూగారు.

"ఒక్క నిమిషం రా, మొత్తం దిగాలి కదా... ఆఁ, వచ్చిందండీ. మీ ర్యాంకు ఉన్న వరుస... రేపే, ఉదయం తొమ్మిదికి. మీకు పైన మూడో వరుస వాళ్ళది వాయిదా పడింది, మీది కాదండీ."

గుంపులో నుంచి ఎవరో, "ఈయన ఆంధ్రాయన లెక్కున్నడు, కావాల్నని తప్పు చెప్తుండేమో!" అన్నారు.

"వినపడుతోందండీ!" అన్నాడు వాడు. "మీ పక్కనే ఉన్నాను, రెండో కాలనీలో. అనుమానంగా ఉంటే వచ్చి చూస్కోండి. వచ్చేటప్పుడు ఆ వంటేదో అయితే కాస్త పెట్టుకురండి, ఇక్కడ మా ఇంట్లో గ్యాస్ అయిపోయింది."

అందరూ గొల్లుమన్నారు. చెల్లె నవ్వలేదు. "ఇంకొక్కసారి చదువన్నా," అంది ఫోన్ దగ్గరికి వంగి. వాడు రెండోసారి నెమ్మదిగా, వరుస మొత్తం, కాలేజీ పేరుతో సహా చదివాడు. ఆమె పెదవులు కదుపుతూ విన్నది. లేచి వెళ్ళి జీపులోంచి సంచీ దించుకుంది.

"కొడుక్కి ఏం చెప్తవు చెల్లె?" అన్నాడు బావ. ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"అమ్మ కాలేజికి పోయొస్తది అని చెప్త. నీ ఫోనియ్యి అన్నా."

ఆ పక్కనే నిలబడి ఊరికి ఫోన్ చేసింది. అవతల కొడుకు ఏడుపు మాకూ వినిపించింది. ఆమె ఓపిగ్గా మాట్లాడింది. పొయ్యిల దగ్గర వంట దిగాక అక్కడివాళ్ళు మమ్మల్ని తినకుండా కదలనివ్వలేదు. ఒక టిఫిన్ డబ్బా నిండా పెట్టించుకుని బావ రెండో కాలనీకి వెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఆ ఇద్దరూ ముఖాముఖి కలుసుకోవడం అదే మొదటిసారి. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఉప్పు తక్కువైందన్నడు నీ దోస్తు," అన్నాడు బావ.

మర్నాడు పొద్దున్నే అక్క స్కూటీ మీద చెల్లెని ఎక్కించుకుని వెళ్ళింది. రోడ్లు ఎక్కడ మూస్తారో తెలియదు కాబట్టి నేను రాసిచ్చిన దారుల జాబితా అక్క చదవకుండానే పర్సులో పెట్టుకుంది. సెంటర్‌లో నేను, నా తెర మీద ఆ పేజీ. మధ్యాహ్నం దాకా ఏ కబురూ లేదు. నేను ఆ సమయంలో చేసిన పని ఒకటే. మా రెండు ప్రోగ్రాములకీ ఒక కొత్త నియమం పెట్టాను. ఇకమీద ప్రతి మార్పు ముందూ అది ఏ ప్రతి మీద వెయ్యడానికో గుర్తు ఉంటుంది. అందుకునే చోట ఉన్న పేజీ గుర్తు దానితో కలవకపోతే ఒక్క అక్షరం కూడా ముట్టుకోకూడదు, మొత్తం పేజీ అడగాలి. మొత్తం పేజీ రావడానికి ఆలస్యమవుతుంది. అవనీ అనుకున్నాను. వనస్థలిపురం మిత్రుడు అటువైపు మార్చాడు. "మనం పరీక్షలో గీసిన బొమ్మలో ఇది లేదు కదరా," అన్నాడు. లేదు. బొమ్మలో రెండు పెట్టెలూ ఒకేలా గీసి బాణం గీసేశాం.

బావకి పంపే మెసేజ్‌ల్లో కూడా ముందు పాత తేదీ, తర్వాత కొత్తది రాయడం మొదలుపెట్టాను. మెసేజ్ పొడుగైంది. మొదటిది అందగానే బావ ఫోన్ చేశాడు. "పాతది కలిసింది, కొత్తది వెట్టిన. సర్కారు మూడు లైన్లు గూడ వెట్టిన, కాని చిన్న అచ్చరాలల్ల వెట్టిన. నడుస్తదా?"

"నడుస్తది బావా. అక్షరం ఎంత చిన్నదైనా వరుస వరుసే."

రెండు దాటాక స్కూటీ చప్పుడైంది. అక్క ముందు దిగింది, ముఖమంతా దుమ్ము. వెనక చెల్లె, ఛాతీకి హత్తుకున్న ఫైలుతో. సర్టిఫికెట్లు చూడటం అయిపోయిందట. ఆ కాలేజీలో ఆమె ర్యాంకుల వాళ్ళు సగం మందే వచ్చారట. మిగతావాళ్ళకి దారులు దొరకలేదు. వాళ్ళ కోసం ఇంకో రోజు ఇవ్వాలని అక్కడున్న పిల్లలంతా కలిసి సంతకాలు పెట్టి ఇచ్చారట, తానూ పెట్టిందట. నాలుగు రోజుల తర్వాత ఆ రోజు ఇచ్చినట్టు పేజీలో మారింది. ఆ మార్పుని నేను బావకి చాలా సంతోషంగా పంపాను.

పండుగ వెళ్ళాక, సమ్మె కూడా ముగిశాక సీట్లు ఇచ్చారు. ఆమెకి హయత్‌నగర్ వైపు కాలేజీలో వచ్చింది. ఉదయం కాలేజీ, సాయంత్రం దుకాణంలో కొన్ని గంటలు అని యజమాని ఒప్పుకున్నాడు. కొడుకుని తెచ్చుకుని ఎల్బీనగర్ బడిలో వెయ్యబోతోంది. ఇవన్నీ చెప్పడానికి ఒక మధ్యాహ్నం సెంటర్‌కి వచ్చింది. చెప్పడం అయ్యాక కూడా వెళ్ళలేదు. నా కంప్యూటర్ పక్కన నిలబడి, "లెవ్వన్నా," అంది.

"ఎందుకు?"

"ఇన్ని దినాలు నువ్వు తెరిస్తె నేను చూసిన. రేపు బడిల పిల్లలు అడుగుతరు, టీచర్, గిదెట్ల తెరుస్తరని. నువ్వొస్తవా చెప్పనీకె?"

లేచి కుర్చీ ఇచ్చాను. ఆమె మౌస్ మీద చెయ్యి వేసి, బాణం ఎక్కడికి పోయిందో వెతుక్కుంటూ తెరకి బాగా దగ్గరగా వంగింది.